కీమో మొదట పనిచేసి తర్వాత ఎందుకు పనిచేయదు? అమ్మ విషయంలో వచ్చిన సందేహం

పటమట పాఠకురాలు — 12 ఏప్రిల్ 2025, రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మగారికి 63 ఏళ్లు. నిరుడు మే నెలలో అండాశయ క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగింది. జూలై నుంచి మూడు వారాలకొకసారి చొప్పున కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే రెండు మందులతో ఆరు విడతల కీమో ఇచ్చారు. కణితి జాడ తెలిపే సీఏ-125 రక్తపరీక్ష మొదట 1,140 ఉన్నది అక్టోబరు చివరికి 18కి దిగింది. ఇల్లంతా ఊపిరి పీల్చుకున్నాం. ఈ మార్చిలో అది 96కి పెరిగింది, స్కానులో కడుపులో కొత్త గడ్డలు రెండు కనిపించాయి. చివరి విడత ముగిసి ఆరు నెలలు నిండకుండానే తిరగబెట్టింది కనుక దీన్ని ‘ప్లాటినం రెసిస్టెంట్’, అంటే కార్బోప్లాటిన్ వంటి ప్లాటినం మందులకు లొంగనిది, అంటారని డాక్టరుగారు చెప్పారు. ఇకమీదట వారానికోసారి పాక్లిటాక్సెల్ ఇస్తామన్నారు.

నా సందేహాలు మూడు. చుట్టాలందరూ “ఒంటికి మందు అలవాటైపోయింది” అంటున్నారు, అది నిజమేనా? ఒకసారి వాడి, జబ్బు తిరగబెట్టిన పాక్లిటాక్సెల్‌నే మళ్లీ ఎందుకు ఇస్తున్నారు? మూడోది రాయడానికే చేయి ఆడటం లేదు. నాలుగో విడత సెప్టెంబరు 4న పడాలి. బుడమేరు వరదకు సింగ్‌నగర్‌లో అమ్మ వాళ్ల ఇల్లు మునిగి, మూడు రోజులు మేడ మీదే ఉండి, పడవలో బయటపడ్డాం. ఆ విడత పది రోజులు ఆలస్యమైంది. ఆ పది రోజుల వల్లే ఇలా జరిగిందా?

డే కేర్ సిస్టర్ — 12 ఏప్రిల్ 2025, రాత్రి 10:25

అమ్మా, మూడో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, మిగతావి తెలిసినవారు చెబుతారు. నేను గుంటూరులో పదకొండేళ్లుగా కీమో వార్డులో పనిచేస్తున్నాను. తెల్లకణాలు పడిపోయాయనో, జ్వరం వచ్చిందనో, ప్లేట్‌లెట్లు తక్కువున్నాయనో వారం పది రోజులు వాయిదా పడని వారు మా వార్డులో చాలా అరుదు. విడతలు వేళకు పడటం ముఖ్యమే, అందులో సందేహం లేదు. కానీ ఒక్క వాయిదా వల్ల మందుకు లొంగని కణం కొత్తగా పుట్టుకురాదు. ఆ భారం మీరు మోయకండి. వరదలో అమ్మను క్షేమంగా బయటికి తెచ్చారు, అది చాలా పెద్ద పని.

జీవరసాయన అధ్యాపకుడు — 13 ఏప్రిల్ 2025, ఉదయం 6:15

పాఠకురాలు గారూ, “ఒంటికి మందు అలవాటైంది” అన్న మాట దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే ఈ మాట వల్ల చాలామంది రోగులు తమ శరీరమే తమకు ద్రోహం చేసిందని కుంగిపోతారు. లొంగకపోవడం అన్నది కణితిలోని కణాల లక్షణమే తప్ప రోగి ఒంటి లక్షణం కాదు. అమ్మగారి జుట్టు కుదుళ్లు, పేగు పొర, ఎముక మజ్జ ఈ మందుకు ఇవాళ కూడా మునుపటిలాగే స్పందిస్తాయి. అందుకే రెండో దఫా కీమోలో కూడా జుట్టు రాలుతుంది, తెల్లకణాలు పడిపోతాయి. ఒళ్లు నిజంగా అలవాటు పడి ఉంటే ఆ బాధలు కూడా తగ్గి ఉండాలి కదా.

కణితిలో జరిగేది వేరు. ఒక సెంటీమీటరు గడ్డలో సుమారు 100 కోట్ల కణాలు ఉంటాయి. అవన్నీ ఒకే మూలకణం సంతతి అయినా ఒకే అచ్చులో పోసినవి కావు, విభజన జరిగిన ప్రతిసారీ జన్యువుల నకలులో కొన్ని పొరపాట్లు దొర్లుతూనే ఉంటాయి. ఏదో ఒక మందు నుంచి తప్పించుకోగల మార్పు పది లక్షల కణాల్లో ఒకదానికి ఉంటుందని లెక్క కోసం అనుకుంటే, ఆ గడ్డలో మందు చుక్క పడకముందే వెయ్యి లొంగని కణాలు ఉన్నట్టు. మందు మిగతా కణాలను తుడిచేస్తుంది, రక్తపరీక్ష 18కి దిగుతుంది, స్కానులో ఏమీ కనబడదు. ఆ మిగిలిన కొద్ది కణాలకు ఇప్పుడు చోటు, ఆహారం, రక్తం అన్నీ పోటీ లేకుండా దొరుకుతాయి. నెలల తరబడి పెరిగి మళ్లీ గడ్డగా కనబడేసరికి అది పూర్తిగా వాటి సంతతే అయి ఉంటుంది.

మందు వల్ల మార్పు వస్తుందా, మార్పు ముందే ఉంటుందా అన్న ప్రశ్నకు బాక్టీరియా విషయంలో 1943లోనే లూరియా, డెల్‌బ్రుక్ అనే ఇద్దరు జవాబు కనిపెట్టారు. చాలా పరీక్షనాళికల్లో బాక్టీరియాను విడివిడిగా పెంచి, అన్నింటినీ ఒకేసారి వైరస్‌కు అప్పగించారు. వైరస్ తాకిడి వల్లే నిరోధకత పుట్టేదైతే ప్రతి నాళికలోనూ బతికినవాటి సంఖ్య ఇంచుమించు ఒకేలా ఉండాలి. అలా లేదు. కొన్ని నాళికల్లో ఒక్కటీ మిగలలేదు, కొన్నింటిలో వందలకొద్దీ మిగిలాయి. ఎక్కువ మిగిలిన చోట ఆ మార్పు ఎన్నో తరాల ముందే వచ్చి నిశ్శబ్దంగా పెరిగిందన్నమాట. 1979లో గోల్డీ, కోల్డ్‌మన్ ఇదే లెక్కను కణితులకు అన్వయించారు.

కాబట్టి సెప్టెంబరు నాటి పది రోజుల గురించి సిస్టర్ గారు చెప్పిన మాట సరైనది.

పెదనందిపాడు రైతు — 13 ఏప్రిల్ 2025, ఉదయం 7:50

నాకు వైద్యం తెలియదు, పత్తి తెలుసు. అధ్యాపకులు గారు రాసింది చదువుతుంటే 1987 గుర్తుకొచ్చింది. అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. మా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి మీద శనగపచ్చ పురుగు పడింది. అంతకు నాలుగైదేళ్ల ముందు సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు కొత్తగా వచ్చినప్పుడు ఒక్క పిచికారీకి పురుగు ఎండుటాకులా రాలిపోయేది. ఆ ఏడాది మాత్రం మా నాన్నగారు పద్దెనిమిదిసార్లు కొట్టారు. పొద్దున మందు కొట్టి సాయంత్రం చేలోకి వెళ్తే, ఆకు మీద మందు తడి మరక ఇంకా కనబడుతుండగానే దాని పక్కన పురుగు కాయను తొలుస్తూ ఉండటం నేను కళ్లారా చూశాను. మందు కల్తీది అనుకొని దుకాణం మార్చారు, మోతాదు రెట్టింపు చేశారు. మందు మంచిదే, పురుగే మారిపోయింది. చచ్చే పురుగులన్నీ చచ్చి, చావని వాటి పిల్లలతో చేను నిండింది.

నాకొక సందేహం ఉంది. తర్వాత బీటీ పత్తి వచ్చినప్పుడు 450 గ్రాముల విత్తనాల డబ్బాతో పాటు 120 గ్రాముల నాన్‌బీటీ పొట్లం ఇచ్చేవారు, గట్టు చుట్టూ వేయమనేవారు. అక్కడ మామూలు పురుగు బతికి ఉంటే, మొండి పురుగుల సంఖ్య పెరగకుండా ఉంటుందని చెప్పేవారు. మాలో చాలామంది ఆ పొట్లం పారేశాం, చివరికి గులాబీ రంగు పురుగు బీటీని కూడా గెలిచింది. క్యాన్సర్‌లో అలాంటి ఉపాయం ఉందా?

జీవరసాయన అధ్యాపకుడు — 13 ఏప్రిల్ 2025, ఉదయం 11:05

రైతు గారి పోలిక పైపైది కాదు, లోపలి యంత్రాంగం దాకా నిలబడుతుంది. ఆ పురుగులు మందును విరిచేసే ఎంజైములను ఎక్కువగా తయారుచేసుకున్నాయి, మందు తగలవలసిన నాడీకణాల మీది చోటు కూడా కొన్నింటిలో మారింది. క్యాన్సర్ కణాలు చేసేది కూడా ఇంచుమించు ఇదే.

గట్టు మీది నాన్‌బీటీ వరుసల గురించి అడిగిన ప్రశ్న చాలా లోతైనది. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో అమెరికాలోని మోఫిట్ కేంద్రంలో గేటెన్‌బీ అనే వైద్యుడి బృందం సరిగ్గా ఈ ఆలోచనతోనే ప్రయత్నం చేసింది. కణితిని పూర్తిగా తుడిచేయకుండా, రక్తంలో ఆ జబ్బు జాడ తెలిపే పీఎస్ఏ సగానికి తగ్గగానే మందు ఆపి, మళ్లీ మొదటి స్థాయికి పెరిగినప్పుడు ఇస్తూ, లొంగే కణాల చేతనే లొంగని కణాలను అణచి ఉంచడం వారి ఉద్దేశం. తొలి ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. అయితే ఒక తేడా ఉంది. చేలో మొండి పురుగు మామూలు పురుగుతో జతకట్టడం వల్ల వచ్చే తరం మెత్తబడుతుంది. క్యాన్సర్ కణాలు జతకట్టవు, ఒక్కొక్కటి రెండుగా చీలుతాయి అంతే. ఇక్కడ లొంగే కణాలు చోటు కోసం, ఆహారం కోసం పోటీ పడటం ద్వారా మాత్రమే పనికొస్తాయి. అండాశయ క్యాన్సర్‌లో ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉంది కనుక అమ్మగారి విషయంలో దీన్ని సొంతంగా ప్రయత్నించకూడదు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. పిల్లల రక్తక్యాన్సర్‌లో ఈ కథ మొదలైంది మన తెలుగువాడి మందుతోనే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో లెడర్లే ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు. 1948లో ప్రకటించిన ఫలితాల్లో 16 మందిలో 10 మందికి జబ్బు వెనక్కి తగ్గింది. అంతకుముందు ఎవరూ చూడని విషయమది. కానీ కొద్ది నెలల్లోనే తిరగబెట్టింది. కీమో విజయం, కీమోకు లొంగకపోవడం రెండూ ఒకే ఏడాది, ఒకే పిల్లల్లో కనబడ్డాయి. ఆ మందుకు తమ్ముడివంటి మెథోట్రెక్సేట్ నుంచి కణాలు తప్పించుకునే తీరును 1978లో స్టాన్‌ఫర్డ్‌లో షిమ్కీ బృందం పట్టుకుంది. మెథోట్రెక్సేట్ ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. లొంగని కణాలు ఆ ఎంజైము జన్యువును పదులు, వందల నకళ్లు చేసుకున్నాయి. తాళాలన్నీ పట్టుకుపోయే దొంగ వస్తే, వాడి సంచీలో పట్టనన్ని తాళాలు చేయించుకున్నట్టు.

సూర్యారావుపేట ఫార్మసిస్టు — 13 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 2:30

అధ్యాపకులు గారికి ఒక ప్రశ్న. టీబీకి మొదట్లో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చినప్పుడు క్రిములు మొండికెత్తాయి, అప్పటి నుంచి రెండు మూడు మందులు కలిపి ఇస్తున్నారు. ఒక మందును తప్పించుకునే కణం పది లక్షల్లో ఒకటైతే, రెండు వేర్వేరు మందులను ఒకేసారి తప్పించుకునేది లక్ష కోట్లలో ఒకటి కావాలి. అంత పెద్ద కణితి అరుదు. మరి కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ కలిపి ఇచ్చాక కూడా ఎలా మిగులుతున్నాయి?

జీవరసాయన అధ్యాపకుడు — 13 ఏప్రిల్ 2025, సాయంత్రం 5:10

ఈ లెక్క 1960లలో పిల్లల రక్తక్యాన్సర్‌లో చాలావరకు ఫలించింది. నాలుగు మందులు కలిపి ఇవ్వడం మొదలుపెట్టాకే ఆ జబ్బు నయం కావడం ఆరంభమైంది. గడ్డకట్టే క్యాన్సర్లలో మాత్రం లెక్క తప్పడానికి ఒక పెద్ద కారణం ఉంది. ఒకే మార్పుతో కణం పది రకాల మందుల నుంచి ఒకేసారి తప్పించుకోగలదు.

1976లో టొరంటోలో జూలియానో, లింగ్ అనే ఇద్దరు కాల్చిసిన్ అనే విషాన్ని తట్టుకున్న హామ్‌స్టర్ (ఎలుకను పోలిన చిన్న జంతువు) కణాలను పరిశీలించారు. ఆ కణాలు తామెన్నడూ ఎరుగని వేరే మందులను కూడా తట్టుకున్నాయి. వాటి పైపొరలో ఒక పెద్ద ప్రోటీన్ మితిమీరి ఉంది. దానికి పి-గ్లైకోప్రోటీన్ అని పేరు పెట్టారు. అది ఒక తోడే యంత్రం. మన ఊళ్లో మోటారు కరెంటు మీద నడిచినట్టు అది కణంలోని ఏటీపీ అనే శక్తి మీద నడుస్తుంది. లోపలికి చొరబడిన మందు అణువును పొరలోనే పట్టుకొని బయటికి తోసేస్తుంది. డాక్సోరూబిసిన్, మన బిళ్లగన్నేరు మొక్క నుంచి వచ్చే విన్‌క్రిస్టిన్, పాక్లిటాక్సెల్, ఎటొపొసైడ్ అన్నీ దానికి ఒకటే. రసాయనంగా వీటికి ఒకదానితో ఒకదానికి పోలికే లేదు, అయినా తోడేస్తుంది.

ఇది క్యాన్సర్ కొత్తగా కనిపెట్టుకున్నది కాదు. మన పేగు గోడలో, మూత్రపిండంలో, మెదడుకు కాపలాగా ఉన్న రక్తనాళాల్లో ఈ యంత్రం పుట్టుకతోనే ఉంటుంది. తిండితో వచ్చే విషాలను బయటికి నెట్టడం దాని పని. మనల్ని కాపాడటానికి పెట్టిన కాపలాదారునే కణితి తనకు కాపలా పెట్టుకుంటుంది.

సూర్యారావుపేట ఫార్మసిస్టు — 13 ఏప్రిల్ 2025, సాయంత్రం 6:45

అలాగైతే ఆ యంత్రాన్ని ఆపే మందు కలిపి ఇస్తే సరిపోతుంది కదా? బీపీకి ఇచ్చే వెరాపమిల్ ఆ పని చేస్తుందని చదువుకునే రోజుల్లో విన్నాను. అది మా షాపులో చాలా చవక.

జీవరసాయన అధ్యాపకుడు — 13 ఏప్రిల్ 2025, రాత్రి 8:20

1981లో జపాన్‌లో త్సురువో బృందం వెరాపమిల్‌తో ఆ కణాలు మళ్లీ లొంగుతాయని చూపింది. ప్రయోగశాల గిన్నెలో అది నిజం. మనిషిలో ఆ ఫలితం రావాలంటే గుండె ఆగిపోయేంత మోతాదు కావాలి. తర్వాత వాల్‌స్పొడార్ వంటి బలమైన మందులు తయారుచేశారు. అవి కణితిలోని యంత్రంతో పాటు శరీరం మందును విసర్జించే దారులను కూడా మూసేశాయి. రక్తంలో కీమో పేరుకుపోవడంతో మోతాదు తగ్గించవలసి వచ్చింది, పెద్ద పరీక్షల్లో రోగులకు మేలు కనబడలేదు. దయచేసి ఎవరూ వెరాపమిల్ కొనుక్కొని ప్రయత్నించకండి.

ఇక పాఠకురాలు గారి అమ్మగారి జబ్బుకు నేరుగా సంబంధించినది చెబుతాను. కార్బోప్లాటిన్‌ను ఆ యంత్రం పట్టించుకోదు. ప్లాటినం మందులు డీఎన్ఏ పోగుల్లో అడ్డుకట్టలు వేస్తాయి, కణం ఆ దెబ్బను బాగుచేసుకోలేక చనిపోతుంది. బీఆర్‌సీఏ జన్యువులు పాడైన అండాశయ క్యాన్సర్లు ప్లాటినానికి బాగా లొంగడానికి కారణం ఆ మరమ్మతు పనిముట్టు వాటి దగ్గర లేకపోవడమే. 2008లో వెలువడిన రెండు పరిశోధనలు ఆశ్చర్యకరమైన విషయం చూపాయి. మందు తట్టుకున్న కణాల్లో ఆ పాడైన జన్యువులోనే మరో పొరపాటు జరిగి, మొదటి పొరపాటు సరిదిద్దుకుపోయి, పనిముట్టు తిరిగి వచ్చింది. 2015లో ఆస్ట్రేలియా పరిశోధకులు 92 మంది రోగుల కణితుల జన్యుపటాన్ని పూర్తిగా చదివినప్పుడు, తిరగబెట్టిన కణితుల్లో కొన్నింటిలో ఈ సరిదిద్దుకోవడమూ, ఇంకొన్నింటిలో పై తోడే యంత్రపు జన్యువు వేరొక జన్యువు మీట కింద చేరి అతిగా పనిచేయడమూ కనబడ్డాయి. ఒకే జబ్బు, ఒకే మందులు, అయినా ఒక్కో రోగిలో ఒక్కో దారి.

ఇవి కాక, చనిపొమ్మన్న సంకేతాన్ని వినకుండా పోవడం ఇంకో దారి. దెబ్బతిన్న కణాన్ని ఆత్మహత్యకు పురికొల్పే పి53 అనే జన్యువు సుమారు సగం క్యాన్సర్లలో పాడై ఉంటుంది, అండాశయ క్యాన్సర్లలో ఎక్కువగా కనబడే హై-గ్రేడ్ సీరస్ అనే రకంలోనైతే దాదాపు అన్నింటిలోనూ.

పదేళ్ల మాత్ర — 13 ఏప్రిల్ 2025, రాత్రి 9:55

నా అనుభవం కొద్దిగా చెబుతాను. 2014 నుంచి నాకు దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా అనే రక్తక్యాన్సర్. ఇమాటినిబ్ మాత్రతో అయిదేళ్లు హాయిగా ఉన్నాను. తర్వాత పరీక్షలో లెక్క పెరిగింది. మాత్ర ఎప్పుడైనా మానేశారా అని అడిగారు, ఒక్కరోజూ మానలేదు. మ్యుటేషన్ పరీక్ష చేయిస్తే, మాత్ర అడ్డుకోవలసిన ప్రోటీన్‌లో, అది వెళ్లి కూర్చునే గుంటలో ఒక అమైనో ఆమ్లం మారిందని తెలిసింది. డాసాటినిబ్‌కు మార్చారు, లెక్క మళ్లీ దిగింది. ఆ గుంటలో 315వ స్థానంలో మార్పు వస్తే డాసాటినిబ్ కూడా పనిచేయదనీ, దానికి పొనాటినిబ్ కావాలనీ అప్పుడే తెలుసుకున్నాను. ఎక్కడ మారిందో తెలిస్తేనే ఏ మందో తెలుస్తుంది. అమ్మగారికి బీఆర్‌సీఏ పరీక్ష చేయించారా?

కృష్ణలంక వాసి — 14 ఏప్రిల్ 2025, ఉదయం 8:30

అమ్మగారి ఒంట్లో ఇప్పటికే చాలా మందు పేరుకుపోయి ఉంటుంది. కొన్నాళ్లు కీమో ఆపి, మూలికా వైద్యంతో ఒళ్లు శుభ్రం చేసుకుంటే కణాలు మళ్లీ మందుకు లొంగుతాయని మా మేనమామగారికి ఒకరు చెప్పారు. ఆ మాటలో నిజం ఎంతో పెద్దలు చెప్పగలరు.

సూర్యారావుపేట ఫార్మసిస్టు — 14 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 1:15

కృష్ణలంక వాసి గారూ, మీరు మేలు కోరే అడిగారు కనుక వివరంగా చెబుతాను. పాక్లిటాక్సెల్ నెలల తరబడి ఒంట్లో నిలవ ఉండదు. కాలేయం దాన్ని విరిచి కొద్ది రోజుల్లోనే బయటికి పంపుతుంది. అసలు ప్రమాదం మూలికల వైపు నుంచి ఉంది. కొన్ని మూలికలు కాలేయంలో మందులను విరిచే ఎంజైములను రెచ్చగొడతాయి. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక తీసుకున్న రోగుల్లో ఇరినోటెకాన్ అనే కీమో మందు పనిచేసే రూపం రక్తంలో సుమారు 40 శాతం తగ్గిపోయిందని 2002లో తేలింది. అప్పుడు కణితి మొండిది కాకపోయినా మందు సరిపడా అందక పనిచేయనట్టు కనబడుతుంది. ఏ కషాయం, ఏ లేహ్యం వాడుతున్నా సరే, సీసా తీసుకెళ్లి డాక్టరుగారికి చూపించండి, దాచకండి.

జీవరసాయన అధ్యాపకుడు — 14 ఏప్రిల్ 2025, సాయంత్రం 4:40

కృష్ణలంక వాసి గారి మాటలో ఒక చిన్న నిజం ఉంది, అది చెప్పకపోతే నేను మొదట రాసింది అసంపూర్ణమవుతుంది. కణాలన్నీ జన్యువు మార్చుకునే తప్పించుకోవు. 2010లో ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల మీద ఒక లక్ష్యిత మందు (కణంలోని ఒక ప్రోటీన్‌ను గురిచూసి కొట్టేది) వేసినప్పుడు, వెయ్యింటికి రెండు మూడు కణాలు ఏ జన్యు మార్పూ లేకుండానే నిద్రలో పడినట్టు ఉండి బతికాయి. మందు తీసేశాక వాటి సంతతి మళ్లీ మందుకు లొంగింది. విభజన చెందే కణాలను కొట్టే మందుకు నిద్రపోయే కణం చిక్కదు. “అలవాటు” అన్న మాట ఇటువంటి కణాలకు కొంత వర్తిస్తుంది, అయినా అది కణాలకే తప్ప ఒంటికి కాదు. ప్లాటినం ఆపి చాలాకాలం గడిచాక తిరగబెట్టినవారిలో అదే ప్లాటినం మళ్లీ పనిచేయడం వైద్యులు తరచూ చూసేదే. ఆ ఆరు నెలల గీత అందుకోసం గీసినదే. అయితే జబ్బు పెరుగుతున్నది కళ్లకు కనబడుతుండగా వైద్యం ఆపి ఎదురుచూడటం దానికి మార్గం కాదు.

డే కేర్ సిస్టర్ — 14 ఏప్రిల్ 2025, రాత్రి 9:05

రెండో ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు రాయలేదు. మూడు వారాలకొకసారి పాక్లిటాక్సెల్ తీసుకొని తిరగబెట్టిన వారిలో కూడా వారం వారం ఇచ్చినప్పుడు గడ్డలు తగ్గడం నేను చూశాను, మా డాక్టర్లు కూడా ఆ నమ్మకంతోనే రాస్తారు. మోతాదు చిన్నది, కానీ విరామం తక్కువ కనుక మందు తగిలే వేళకు విభజనలో ఉండే కణాలు ఎక్కువ దొరుకుతాయి, కణితికి రక్తం తెచ్చే కొత్త నాళాల మీద కూడా పనిచేస్తుందని వారు వివరించారు. పైగా అమ్మగారిది ప్లాటినానికి లొంగనిదని మాత్రమే నిర్ధారణ అయింది. పాక్లిటాక్సెల్ దారి మూసుకుపోయిందని ఇంకా తేలలేదు.

ఈ మందుకు మామూలు సెలైన్ గొట్టం కాకుండా వేరే సెట్టు, మధ్యలో సన్నని ఫిల్టరు పెడతారు. మొదటి పది పదిహేను నిమిషాలు దగ్గరే కూర్చోండి, ముఖం ఎర్రబడినా ఊపిరి పట్టేసినట్టున్నా వెంటనే పిలవండి. వేళ్ల చివర్లు తిమ్మిరెక్కితే, జాకెట్టు హుక్కు పెట్టుకోవడం కష్టమవుతోందని అమ్మగారు అంటే, అది చిన్న విషయమని వదిలేయకుండా తర్వాతి వారం చెప్పండి.

పటమట పాఠకురాలు — 16 ఏప్రిల్ 2025, సాయంత్రం 6:30

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీ జవాబులన్నీ అమ్మకు చదివి వినిపించాను. రైతు గారి పురుగు కథ దగ్గర ఆగి, “అయితే నా ఒళ్లు మంచిదే, పురుగే మొండిది” అంది. నెల రోజుల తర్వాత ఆమె నోట విన్న తేలికైన మాట అది.

నిన్న డాక్టరుగారిని బీఆర్‌సీఏ గురించి అడిగాను. రక్తం ఒక్కటే చాలదు, ఆపరేషన్ నాటి ముక్క కూడా కావాలన్నారు. అది ఎక్కడుందో మాకు తెలియదు. ల్యాబుకు వెళ్లి పాత రసీదు చూపిస్తే, పది నిమిషాల్లో అగ్గిపెట్టెకన్నా చిన్న ప్లాస్టిక్ డబ్బీ తెచ్చి ఇచ్చారు. లోపల తెల్లటి మైనపు దిమ్మ, దాని మధ్యలో చింతగింజంత గోధుమరంగు మచ్చ. అమ్మ కణితి అది, మందు చుక్క పడకముందుది. ఇప్పటి గడ్డ నుంచి కూడా సూదితో ఒక ముక్క తీసి రెండింటినీ పోల్చవచ్చా అని అడగమంటారా?

జీవరసాయన అధ్యాపకుడు — 16 ఏప్రిల్ 2025, రాత్రి 7:50

తప్పకుండా అడగండి. ఆ రెండింటి మధ్య తేడాలోనే మీ మొదటి ప్రశ్నకు జవాబు ఉంది. గడ్డ సూదికి అందే చోట ఉందో లేదో స్కాను చూసి వారే నిర్ణయిస్తారు.

డే కేర్ సిస్టర్ — 16 ఏప్రిల్ 2025, రాత్రి 8:15

అమ్మా, ఆ డబ్బీని బీరువాలో చల్లటి చోట పెట్టండి. ఎండలో స్కూటర్ డిక్కీలో వదిలేస్తే మైనం మెత్తబడవచ్చు. ఇచ్చేటప్పుడు ల్యాబు నంబరు రాసుకొని, రసీదు తీసుకోండి.